రేవులో దిగినవాళ్ళు రేవునే చూడాలి

హైదరాబాదులోని మదీనాగూడ మీదుగా పోయే పెద్ద రోడ్డును మనం ముంబై హైవే అంటాం. ఆ మాట వినగానే మనసు పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాదు దారి పట్టి పడమటికి పోతుంది. ఈ 65వ నంబరు జాతీయ రహదారికి తూర్పు కొస ఎక్కడుందో మాత్రం సాధారణంగా తలుచుకోం. పుణెలో మొదలై, మదీనాగూడ, మియాపూర్, కూకట్‌పల్లి దాటి, సూర్యాపేట, విజయవాడల మీదుగా సాగి అది మచిలీపట్నంలో ముగుస్తుంది. సముద్రానికి ఎంతో దూరాన, దక్కను పీఠభూమి మీద, రాతిగుట్టల మధ్య ఉన్నామనుకునే మనం నిజానికి ఒక ఓడరేవుకు పోయే దారి పక్కనే కాపురం ఉంటున్నాం. 1591లో పుట్టిన హైదరాబాదు నగరం తొలి నూరేళ్ళలో సముద్ర వర్తకం కోసం ప్రధానంగా ఆధారపడింది ఆ బందరు మీదే. గోల్కొండ రాజ్యపు బట్టలు, వజ్రాలు, ఇనుము, నీలిమందు అక్కడ ఓడలెక్కాయి. వెండి, బంగారం, సుగంధద్రవ్యాలు, వాటితోపాటు కొత్త మనుషులు అక్కడ దిగి ఇటు వచ్చారు.

ఇప్పుడు మదీనాగూడ, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల వాళ్ళు మళ్ళీ ఓడలెక్కుతున్నారు, ఈసారి విహారం కోసం. ముంబై నుంచో, చెన్నై నుంచో, సింగపూర్ నుంచో మూడు నాలుగు రోజుల క్రూయిజ్‌లకు వెళ్ళేవాళ్ళున్నారు. ఉద్యోగ విరమణ అయ్యాక నెలల తరబడి సముద్రాలు చుట్టే పెద్ద ప్రయాణాల గురించి వాకబు చేసేవాళ్ళూ ఉన్నారు. గదికి బాల్కనీ ఉంటుందా, శాకాహారం దొరుకుతుందా, ఓడ ఊగితే తట్టుకోగలమా అని అడుగుతారు. ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. అయితే అసలు ప్రశ్న మరొకటి ఉంది. దారిలో ఓడ ఆగే ఊళ్ళలో ఆ ఒక్క పూటను ఎలా గడపాలి? ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది దాని గురించే. ఓడ దిగినవాళ్ళు ఎక్కడో దూరాన ఉన్న ప్రసిద్ధ స్థలానికి పరుగు తీయకుండా ఆ రేవునూ, దాన్ని ఆనుకుని పెరిగిన ఊరినీ చూడాలి. సముద్ర ప్రయాణం మాత్రమే ఇవ్వగలిగిన జ్ఞానం అక్కడే ఉంది. అందులో తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన వాటా కూడా ఉంది.

ముందుగా కాలం లెక్క చూద్దాం. పెద్ద ఓడలు సాధారణంగా ఉదయం రేవు చేరి సాయంత్రం బయలుదేరతాయి. కాగితం మీద ఎనిమిది, తొమ్మిది గంటలు కనిపిస్తాయి. ఓడ కట్టేశాక స్థానిక అధికారుల తనిఖీ అయ్యేదాకా ఎవరూ దిగడానికి లేదు. వేలమంది ప్రయాణికులున్న ఓడ అయితే దిగడానికే వరస కట్టాలి. రేవులో లోతు చాలకపోతే ఓడ దూరంగా లంగరు వేస్తుంది, అక్కడి నుంచి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాలి. ఇక తిరుగు ప్రయాణంలో, ఓడ కదిలే వేళకు అరగంటో గంటో ముందే అందరూ లోపల ఉండాలి. ఇవన్నీ తీసేస్తే చేతిలో మిగిలేది ఆరు గంటలో, ఏడు గంటలో. రోమ్ చూపిస్తామని చెప్పే ఓడలు ఆగేది చివితావెక్కియా రేవులో. అక్కడి నుంచి రోమ్ నగరం 70 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. బ్యాంకాక్ పేరు చెప్పే పెద్ద ఓడలు చాలావరకు లేమ్ చబాంగ్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి నగరానికి వంద కిలోమీటర్లు దాటుతుంది. రానూ పోనూ మూడు నాలుగు గంటలు బస్సులో కూర్చున్నాక, రోమ్ లాంటి పురాతన నగరానికి మిగిలేది రెండు మూడు గంటలు. ఆ కాసేపట్లో దొరికేది ఫోటో. నగరం దొరకదు.

మన విశాఖపట్నంలోనూ ఇదే లెక్క. 2022 జూన్‌లో చెన్నై నుంచి కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ నౌక విశాఖకు వచ్చింది. 2023 సెప్టెంబరులో దాదాపు 96 కోట్ల రూపాయల ఖర్చుతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ అక్కడ ప్రారంభమైంది. 2024 ఏప్రిల్‌లో ది వరల్డ్ అనే విదేశీ నౌక వచ్చి ఆగింది. ఇలా వచ్చినవాళ్ళకు ఏం చూపించాలనే చర్చ వచ్చినప్పుడల్లా అరకు పేరు ముందుకొస్తుంది. అరకు అందమైన చోటు, కాదనేవాళ్ళెవరూ లేరు. కానీ అది 115 కిలోమీటర్ల దూరాన, ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చే లోయ. ఒక్క పూట ఉండే అతిథిని అక్కడికి తీసుకుపోతే అతను రోజంతా మలుపులు తిరుగుతూనే గడుపుతాడు. పైగా అరకుకు పోయే ఆ ప్రఖ్యాత రైలు మార్గం పుట్టిందే రేవు కోసం. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి కొత్తవలస నుంచి కిరండోల్ దాకా కొండలు తొలిచి ఆ పట్టాలు వేశారు. కారణమైన రేవును వెనక వదిలేసి, దాని ఫలితాల్లో ఒకటైన రైలును మాత్రం చూసి రావడంలో అర్థం లేదు.

ఓడరేవు అంటే సముద్రమూ లోనాడూ ఒకదానికొకటి అవసరమై కలుసుకున్న చోటు. ఆ అవసరం తెలిస్తే ఊరు అర్థమవుతుంది. విశాఖనే తీసుకోండి. తూర్పు తీరంలో మద్రాసుకూ కలకత్తాకూ నడుమ పెద్ద ఓడ నిలిచే చోటు లేని కాలంలో, మధ్య పరగణాల మాంగనీసు ఖనిజానికి దగ్గరి దారి కావలసి వచ్చింది. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుగా నిలిచి కాపాడే ఉప్పుటేరు చిత్తడిని తవ్వి బెంగాల్ నాగపూర్ రైల్వే వారు హార్బరు కట్టారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. 1941 జూన్‌లో సింధియా కంపెనీ నౌకానిర్మాణ కర్మాగారానికి రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేశారు. 1948 మార్చిలో అక్కడ తయారైన జల ఉషను నెహ్రూ నీళ్ళలోకి వదిలారు. స్వతంత్ర భారతం తన చేతులతో కట్టుకున్న తొలి పెద్ద ఓడ అది. ఒక చేపల పల్లె, కొంత పాతబస్తీ, కొన్ని దొరల బంగళాలు ఉన్న ఊరు ఇంత నగరంగా మారిన కథంతా రేవు ముఖద్వారం చుట్టూ చూడగలిగినంత దూరంలోనే ఉంది.

ఆ ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇస్‌హాక్ మదీనా బాబా దర్గా, మరొకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. సముద్రం మీదికి పోయేవాళ్ళు ఏ మతం వాళ్ళయినా పోయే ముందు దణ్ణం పెట్టుకోవడానికీ, క్షేమంగా తిరిగొచ్చాక మొక్కు తీర్చుకోవడానికీ ఒక ఎత్తైన చోటు కావాలి కదా. కింద పాతబస్తీలో కురుపాం మార్కెట్టు ఉంది. చేపల హార్బరులో తెల్లవారుజామున బోట్లు దిగి వేలం సాగుతుంది. రామకృష్ణా బీచిలో కుర్సురా జలాంతర్గామి ఉంది. అది 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడు మ్యూజియం అయింది. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ నగరం ముందున్న సముద్రంలోనే. ఇంకాస్త సమయం ఉన్నవాళ్ళకు తీరం వెంట తొట్లకొండ, బావికొండల మీద బౌద్ధ విహారాల శిథిలాలూ, ఆపైన భీమునిపట్నంలో డచ్చివారి సమాధులూ ఉన్నాయి. ఇవన్నీ ఒకే సూత్రం మీద నిలిచినవి. సముద్రం మీద వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ వదిలిన గుర్తులు ఇవి. ఓడలో వచ్చిన మనిషికి ఇంతకన్నా తగిన చూపు మరొకటి ఉండదు.

మచిలీపట్నం చరిత్ర ఇదే మాటను ఇంకా గట్టిగా చెబుతుంది. అక్కడ తీరం లోతు తక్కువ, బురద నేల. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో లంగరు వేసి, పడవల మీద సరుకు దించేవి. అంత ఇబ్బంది ఉన్నా ఓడలు వచ్చాయంటే కారణం రేవు వెనకనున్న పల్లెల్లో చేతులు. రంగు చెదరని అద్దకం బట్ట కోసం 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివారు వచ్చారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వచ్చారు. ఇటు మోఖా, హోర్ముజ్, అటు పెగూ, అచే రేవులకు ఇక్కడి నుంచి ఓడలు నడిచాయి. మన బట్టల ధాటికి తమ నేతగాళ్ళు నిలవలేరని ఫ్రాన్సు 1686లో అద్దకం బట్టలను నిషేధించింది. ఇంగ్లాండు కూడా 18వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అదే పని చేసింది. మచిలీపట్నం పక్కనున్న పెడనలో ఈ రోజుకీ చెక్క అచ్చులతో అద్దే చీరకు అంత చరిత్ర ఉంది. 1864 నవంబరులో మచిలీపట్నం మీదికి వచ్చిన తుఫాను ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. రేవు మళ్ళీ పూర్వపు స్థితికి రాలేదు. 2023 మే నెలలో అక్కడ కొత్త ఓడరేవు నిర్మాణం మొదలైంది. ఇది తెలిసిన మదీనాగూడ వాసి ఏ దేశపు రేవులో దిగినా, ఈ ఊరు వెనక ఏ పొలాలున్నాయి, ఏ గనులున్నాయి, ఎవరి చేతిపని ఇక్కడ ఓడకెక్కింది అని అడగగలుగుతాడు. ఆ ప్రశ్న అడగడం వచ్చినవాడికి ఏ రేవూ చిన్నది కాదు.

ఇప్పుడు సముద్రం అవతలికి పోదాం. 2023 చివర నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక, ప్రపంచం చుట్టే క్రూయిజ్‌లలో చాలావాటిని సూయజ్ దారి నుంచి తప్పించి ఆఫ్రికా దక్షిణ కొస చుట్టూ మళ్ళించారు. ఆ దారిలో వచ్చే రేవుల్లో మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ ఒకటి. అక్కడ దిగినవాళ్ళలో ఎక్కువమందిని బస్సులు నేరుగా తెల్లని ఇసుక తీరాలకు తీసుకుపోతాయి. కానీ హార్బరు ఒడ్డునే ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1834 నుంచి దాదాపు 1920 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయ కూలీలు ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేసి ఆ ద్వీపంలో దిగారు. 1849లో ఈ ఘాట్ దగ్గర కట్టిన డిపోలో వాళ్ళను దించి, పేర్లు రాసి, చెరకు తోటలకు పంచారు. వాళ్ళలో మన కోరంగి, మద్రాసు రేవుల నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ళు ఉన్నారు. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నీళ్ళ నుంచి పైకి వచ్చే పదహారు రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మెట్లెక్కినవాళ్ళ మనుమలు, మునిమనుమలు 1947లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. నడిచిపోగలిగే దూరంలో ఇది ఉండగా, తెలుగు యాత్రికుడు దీన్ని దాటుకుని ఈత కొట్టడానికి పోవడం నాకు బాధ కలిగించే విషయం. తీరాలు మనకు మైపాడులోనూ, సూర్యలంకలోనూ ఉన్నాయి. ఆ మెట్లు మాత్రం అక్కడొక్కచోటే ఉన్నాయి.

అదే దారిలో ముందుకు పోతే దక్షిణాఫ్రికాలోని డర్బన్. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ అక్కడికి చేరింది. నటాల్ చెరకు తోటలకు వెళ్ళిన మొదటి భారతీయ కూలీలు అందులోనే ఉన్నారు, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. 1931లో ఆ దేశపు తెలుగువాళ్ళు ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. పసిఫిక్ వైపు తిరిగితే ఫిజీలోని సువా. 1903 నుంచి 1916 దాకా మద్రాసు నుంచి వెళ్ళిన ఓడలు దక్షిణాది కూలీలను అక్కడికి చేర్చాయి. రోగాల భయంతో వాళ్ళను ముందు నుకులౌ అనే చిన్న దీవిలో దించేవారు. మలేషియాలోని పెనాంగ్‌లో అయితే ఓడ దిగేచోటికి దగ్గర్లోనే పాత కోట గోడ. జార్జ్ టౌన్ వీధులు 2008లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. గుడి, మసీదు, చర్చి, చీనావారి ఆలయం ఒకదానికొకటి కూతవేటు దూరంలో కనిపిస్తాయి. ఈ రేవులన్నీ కలిపి చదివితే తెలుగు శ్రమజీవుల చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం అవుతుంది. దాన్ని విమానంలో వెళ్ళి చదవలేమని అనను. కానీ వాళ్ళు వారాల తరబడి చూసిన నీళ్ళనే చూస్తూ, వాళ్ళు దిగిన ఒడ్డునే దిగితే, అప్పటి దూరం ఎంతటిదో శరీరానికి తెలుస్తుంది. పుస్తకం ఆ తెలివిడిని ఇవ్వలేదు.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది బలమైనదే. జీవితంలో ఒక్కసారి ఇటలీ దాకా వెళ్ళి రోమ్ చూడకుండా రేవు ఊళ్ళో తిరగమంటారా, మళ్ళీ రాగలమో లేదో కదా అని అడుగుతారు. ఇక్కడ రెండు వేర్వేరు కోరికలను విడదీసి చూడాలి. రోమ్ చూడాలన్నదే ఆశయం అయితే క్రూయిజ్ దానికి తగిన సాధనం కాదు. విమానంలో వెళ్ళి నాలుగు రోజులుండడం మంచిది, ఖర్చు కూడా చాలాసార్లు తక్కువే. లేదా ఓడ ఎక్కే ఊరో, దిగే ఊరో ఆ నగరానికి దగ్గరగా ఉండేలా చూసుకుని, ముందో వెనకో కొన్ని రోజులు కలుపుకోవచ్చు. మళ్ళీ రాలేమన్న భయమే మనల్ని అరకొర చూపులకు ఒప్పిస్తుంది. ఒక్కసారే వచ్చే అవకాశం అయితే దాన్ని బస్సు కిటికీకి అప్పగించడం కన్నా, రెండు మైళ్ళ మేర నేలను నింపాదిగా నడిచి చూడడమే దానికి గౌరవం. వయసు పైబడి, విమానంలో మరోసారి వెళ్ళే అవకాశం నిజంగా లేనివాళ్ళు ఒక్క గంట కోసమైనా రోమ్ చూడాలనుకుంటే నేను తప్పుపట్టను. నా మాట ప్రతి రేవులోనూ ఆ పరుగే పెట్టేవాళ్ళ గురించి.

రెండో అభ్యంతరం: రేవుల్లో చూడడానికి ఏముంది, క్రేన్లు, కంటైనర్లు, బొగ్గు దుమ్ము తప్ప అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. కొత్త కాలపు రేవులు ఊళ్ళకు దూరంగా కట్టినవి. లేమ్ చబాంగ్ అలాంటిదే. సరుకు రేవులో కాలినడకన తిరగనివ్వరు కూడా. అయితే పాత రేవులు ఇప్పటికీ చాలాచోట్ల ఊరి నడుమే ఉన్నాయి. కొలంబోలో రేవు గేటు దాటితే పేటా బజారు. సువాలో ఓడ కట్టే చోటుకు దగ్గర్లోనే కూరగాయల మార్కెట్టు. కాబట్టి ప్రయాణం ఎంచుకునేటప్పుడే ఏ ఓడ ఎక్కడ ఆగుతుందో పటం మీద చూసుకోవాలి. ఊరు దూరమైన చోట, వంద కిలోమీటర్ల అవతలి రాజధానిని వదిలి, పది పదిహేను కిలోమీటర్లలో ఉన్న మామూలు పట్నానికి వెళ్ళినా చాలు. క్రేన్ల విషయానికొస్తే, మనం వాడే ఫోన్లూ, వంటనూనే, కారు విడిభాగాలూ వచ్చేది వాటి కిందుగానే. వాటిని అందవిహీనమని ముఖం తిప్పుకుంటే మన జీవితం దేని మీద నడుస్తోందో తెలుసుకోకుండానే ఉండిపోతాం.

మూడో అభ్యంతరం పెద్ద వయసు వాళ్ళ తరఫున వస్తుంది. పరాయి ఊళ్ళో సొంతంగా తిరగడం క్షేమమేనా, ఓడ వెళ్ళిపోతే గతేమిటి అని. ఈ భయమే దూర ప్రయాణాన్ని కాదని దగ్గరి నడకను సమర్థిస్తుంది. ఓడవారు తాము ఏర్పాటు చేసిన యాత్ర ఆలస్యమైతే సాధారణంగా ఆగుతారు గానీ, సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగరు. నూరు కిలోమీటర్ల దూరాన ట్రాఫిక్‌లో చిక్కుకున్నవాడికి ఉన్న ప్రమాదం, ఓడ పొగగొట్టం కనిపించేంత దూరంలో ఉన్నవాడికి లేదు. అలసిపోతే వెనక్కి వచ్చి భోంచేసి, విశ్రాంతి తీసుకుని సాయంత్రం మళ్ళీ దిగవచ్చు. కొన్ని రేవుల్లో కొన్ని వీధులు ఒంటరిగా పోదగినవి కావన్న మాట నిజమే. డర్బన్‌లోనూ జాగ్రత్త అవసరం. అలాంటి చోట స్థానిక గైడును మాట్లాడుకుని, నలుగురు కలిసి వెళ్ళడం తెలివైన పని. ఇక్కడ కూడా దగ్గరి చోటే మేలు.

నాలుగో అభ్యంతరం అన్నిటికన్నా గంభీరమైనది. అసలు ఈ ఓడలే ఊళ్ళకు భారం కాదా అని. 2021 ఆగస్టు నుంచి వెనిస్ నగరం నడిబొడ్డు కాలువలోకి భారీ ఓడలను రానివ్వడం మానేశారు. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ ఒకేసారి వచ్చే ఓడల సంఖ్యకు హద్దు పెట్టింది. ఓడ ఇంధనం పొగ, నీళ్ళలో కలిసే వ్యర్థం, ఒక్కసారిగా వేలమంది దిగితే ఇరుకు వీధులు ఉక్కిరిబిక్కిరి కావడం, ఇవన్నీ ఉన్న సమస్యలే. యాత్రికుడు నడిచి తిరిగినంత మాత్రాన పొగ తగ్గదు. దానికి రేవులో ఒడ్డు నుంచే కరెంటు ఇవ్వడం, మంచి ఇంధనం, గట్టి నిబంధన కావాలి. అయితే ఊరికి కలిగే నష్టంలో ఒక పెద్ద భాగం మనం ఎలా ప్రవర్తిస్తామన్న దాని మీద ఆధారపడి ఉంది. పొద్దున్నే ఓడలో తిని, ఓడవారి బస్సులో పోయి, మధ్యాహ్నానికి ఓడకు తిరిగొచ్చి తినేవాడు ఊరి గాలినీ నీటినీ వాడుకుంటాడు, ఊరికి మాత్రం రూపాయి వదలడు. రేవు బజారులో భోంచేసి, ఆ ఊరి ఆటో ఎక్కి, ఆ ఊరి గైడుకు డబ్బిచ్చి, ఆ ఊరి చేతిపని కొన్నవాడు తన ఆతిథ్యానికి బదులు చెల్లించినట్టు. కొన్ని పెద్ద కంపెనీలు కరేబియన్‌లో సొంత దీవులనే కట్టుకుని, ప్రయాణికులను అక్కడే దించి, ఖర్చంతా తమ ఖాతాలోకే వచ్చేలా చేసుకుంటున్నాయి. ఊళ్ళ మీద మనకు ఆసక్తి లేకపోతే రేపు ఓడలు ఊళ్ళకు రావలసిన పనే ఉండదు.

ఆతిథ్యం అన్నాక, ఆతిథ్యం ఇచ్చేవాళ్ళ బాధ్యత గురించి కూడా మాట్లాడాలి. ఇందులో తెలుగు నేలకు ఎనిమిది వందల ఏళ్ళ నాటి పాఠం ఉంది. చీరాలకు దక్షిణాన మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో ఒక అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు, తుఫానుకు దారితప్పి తమ తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును బలవంతంగా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటినవాళ్ళను ఇకమీదట అలా దోచుకోరాదనీ, ముప్ఫయ్యో వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోరాదనీ ఆ శాసనం ప్రకటించింది. తర్వాత రెడ్డిరాజులు కూడా ఆ విధానాన్ని కొనసాగించారు. 13వ శతాబ్దం చివర్లో మార్కోపోలో ఈ రాజ్యం గురించి రాసినప్పుడు, చరిత్రకారులు రుద్రమదేవిగా గుర్తించే రాణి న్యాయపాలననూ, ఇక్కడి వజ్రాలనూ, సన్నని బట్టలనూ పొగిడాడు. రేవుకు పేరు తెచ్చేది లోతైన నీళ్ళొక్కటే కాదు. వచ్చినవాడికి ఇక్కడ మోసం జరగదన్న నమ్మకం కూడా కావాలి. ఓరుగల్లులో కూర్చున్న రాజుకు, సముద్రం కనిపించని ఊళ్ళో ఉండి, ఆ సంగతి అర్థమైంది.

విశాఖ ఆ పాఠాన్ని ఈ కాలానికి తగ్గట్టు అమలు చేయవచ్చు. టెర్మినల్ భవనం ఉంది. ఇక కావలసింది గేటు బయట. పాతబస్తీకీ, మూడు కొండలకూ, చేపల హార్బరుకూ దారి చూపే పటం తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో ఉండాలి. ఆటో ధరలు రాసి కనపడేలా పెట్టాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివే విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, రేవు కథ చెప్పగల గైడ్లుగా తీర్చిదిద్దవచ్చు. పాతబస్తీలో కూలిపోతున్న కట్టడాలను నిలబెట్టాలి. మరో మాట, ఇది మరవకూడదు. హార్బరు విస్తరించిన ప్రతిసారీ జాగా కోల్పోయింది మత్స్యకారులే. కొత్తగా వచ్చే ఓడల వల్ల కలిగే ఆదాయంలో మొదటి హక్కు వాళ్ళ వీధులదీ, వాళ్ళ వంటలదీ, వాళ్ళ పడవలదీ కావాలి. అరకు బస్సులు నింపడం సులువైన పనే. కానీ దానితో విశాఖ ఒక బస్టాండుగా మిగిలిపోతుంది. ఒక్కసారి రేవును సరిగా చూసి వెళ్ళిన అతిథి, అరకు కోసం నాలుగు రోజుల సెలవు పెట్టుకుని మరోసారి వస్తాడు.

మదీనాగూడలో కూర్చుని ప్రయాణం ఆలోచిస్తున్నవారికి ఈ వాదన నుంచి వచ్చే ఆచరణ సూటిగానే ఉంటుంది. కరపత్రంలో ఓడ ఎన్ని అంతస్తులన్నది చూసే ముందు, ఏ రేవులో ఎన్ని గంటలు ఆగుతుందో చూడండి. రాత్రి కూడా రేవులోనే ఉండే ప్రయాణం దొరికితే కాస్త ఎక్కువ ధరైనా దానికే మొగ్గండి. మన పాస్‌పోర్టుకు ఏ దేశంలో వీసా కావాలో ముందే కనుక్కోండి. ఒక్క దేశపు వీసా లేకపోయినా ఓడే ఎక్కనివ్వకపోవచ్చు. దారిలో పది రేవులుంటే పదింటి గురించీ చదవనక్కర్లేదు, రెండు మూడింటిని ఎంచుకుని వాటి చరిత్ర బాగా చదవండి. అక్కడ తెలుగువాళ్ళు ఎప్పుడు, ఏ ఓడలో, ఏ పనికి వచ్చారో తెలుసుకోండి. తెలుగు సంఘం ఉంటే ముందుగా ఒక ఉత్తరం రాయండి. ఇంటర్నెట్ మన వేళ్ళ కొసన ఉన్న ఈ ప్రాంతంలో అది పెద్ద శ్రమ కాదు. మిగిలిన రేవుల్లో ఊరికే దిగి, ఒక బజారు, ఒక ప్రార్థనా స్థలం, ఒక పడవల రేవు చూసి తిరిగి రండి.

సముద్రం మీద సెలవు గడపడానికి మన దగ్గర ఇప్పుడు డబ్బుంది, తీరిక కూడా కొంత దొరుకుతోంది. మన ముందు తరాల్లో సముద్రం దాటినవాళ్ళలో చాలామందికి ఆ రెండూ లేవు. ఒప్పందం మీద వేలిముద్ర వేసి, ఎక్కడికి పోతున్నారో సరిగా తెలియకుండానే వాళ్ళు ఓడలెక్కారు. అదే సముద్రాన్ని మనం ఇష్టపడి, టికెట్టు కొని దాటగలుగుతున్నాం. ఆ స్వేచ్ఛకు తగిన వినియోగం ఏమిటంటే, వాళ్ళు దిగిన చోట దిగి, ఆ ఊరు ఎవరి కష్టంతో నిలబడిందో అడిగి తెలుసుకుని, ఇంటికొచ్చి పిల్లలకు చెప్పడం. ఆ పని ఆరు గంటల్లో పూర్తిగా చేయవచ్చు. రేవు దాటి దూరం పోనక్కర్లేదు.